నంబర్ లాక్‌కు బదులు మాటల లాక్: సూట్‌కేసు తాళంలో అక్షరం ఎంతవరకు పనికొస్తుంది?

క్లుప్తంగా: అంకెలకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు తిప్పే లాక్‌లు సూట్‌కేసులకు కూడా వస్తున్నాయి. మాట పెట్టుకున్నంత మాత్రాన తాళం గట్టిపడదు. దాని మేలంతా గుర్తుంచుకోవడంలోనే ఉంది. ఆ మేలు కూడా ఇంగ్లిష్ మాటలకే ఎక్కువ, తెలుగు మాటలకు తక్కువ. నంబర్ లాక్‌నే ఉంచుకుని, ఆ నంబరును తెలుగు మాటలో దాచుకునే పద్ధతులు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి.

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా క్లాక్ టవర్ పరిసరాల్లో ట్రాలీ బ్యాగు కొంటే జిప్పు పక్కన మూడు చిన్న చక్రాల నంబర్ లాక్ ఉండడం ఇప్పుడు మామూలు. విడిగా కొనే నంబర్ తాళాలకు మూడో నాలుగో చక్రాలుంటాయి. ఆన్‌లైన్‌లో వెతికితే అదే ఆకారంలో, అంకెలకు బదులు ఇంగ్లిష్ అక్షరాలున్న లాక్‌లు కూడా కనిపిస్తున్నాయి. నంబరు మరిచిపోతారు కానీ మాట మరిచిపోరు, కాబట్టి ఇది మేలన్నది అమ్మేవారి మాట. అక్షరాలు 26, అంకెలు 10, కాబట్టి అక్షరాల తాళం గట్టిదన్నది కొనేవారిలో చాలామంది అనుకునే మాట. మొదటిదాంట్లో సగం నిజముంది. రెండోదాన్ని తాళం విప్పి చూస్తే గాని తేల్చలేం.

ఈ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవారి సంచులు, గల్ఫ్‌కు పోయేవారి పెట్టెలు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు ఆరు నెలల కోసం బయల్దేరే తల్లిదండ్రుల సూట్‌కేసులు అన్నీ జాతీయ రహదారి మీదుగా శంషాబాద్‌కో, రైల్వే స్టేషన్‌కో చేరాల్సిందే. ఒకప్పుడు ట్రంకు పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకో కొంగుముడికో కట్టుకునేవారు. చెవి పోతే పోయినట్టు వెంటనే తెలిసేది. నంబరు అలా కాదు. అది పోయిందని బ్యాగు తెరవబోయేదాకా తెలియదు.

తాళం లోపల ఏముంటుంది

నంబర్ లాక్ లోపల అంకెలు లేవు, అక్షరాలూ లేవు. పైన కనిపించే ప్రతి చక్రం లోపల ఒక చిన్న గొట్టం లాంటి ముక్క ఉంటుంది. దానికి ఒకచోట గాడి తీసి ఉంటుంది. తాళం కొక్కేనికి ఉన్న కడ్డీ మీద, చక్రానికొకటి చొప్పున పళ్లుంటాయి. గాడులన్నీ ఒకే వరుసలోకి వస్తే ఆ పళ్లు వాటి గుండా జారి కొక్కెం పైకి వస్తుంది. ఒక్క గాడి పక్కకున్నా పన్ను తట్టుకుని ఆగిపోతుంది. పైన అచ్చు వేసింది 7 అయినా, ‘ఎమ్’ అక్షరమైనా, పువ్వు బొమ్మ అయినా లోపలి గాడికి తేడా తెలియదు.

చక్రం ఎన్నిచోట్ల టక్కుమని ఆగుతుందన్నదే అసలు లెక్క. అంకెల చక్రం పది చోట్ల ఆగుతుంది. అక్షరాల చక్రం 26 చోట్ల ఆగాలంటే చక్రమైనా పెద్దదవ్వాలి, లేదా అక్షరాలైనా ఆవగింజంత చిన్నవవ్వాలి. వేలి గోరంత చక్రం మీద అది కుదరదు. అందుకే ఇలాంటి తాళాల్లో ఒక్కో చక్రం మీద సాధారణంగా పది అక్షరాలే ఉంటాయి. ఏ పది అన్నది తయారుచేసేవారి ఇష్టం. నాలుగు చక్రాల నంబర్ లాక్‌కు 0000 నుంచి 9999 వరకు 10,000 అమరికలు. పదేసి అక్షరాల నాలుగు చక్రాల లాక్‌కూ అవే 10,000. 26ను నాలుగుసార్లు గుణించి వచ్చే 4,56,976 అన్న అంకె ఈ తాళానికి వర్తించదు.

చవక తాళాలకు ఇంకో బలహీనత ఉంది. గాడులు, పళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా తయారు కావు. కొక్కేన్ని లాగి పట్టుకుని చక్రాలు తిప్పితే ఏదో ఒకటి మిగతావాటికంటే బిగుసుగా తగులుతుంది. చేయి తిరిగినవారు ఆ తేడాను పట్టుకునే తాళం తీస్తారు. మాట పెట్టుకున్నా నంబరు పెట్టుకున్నా ఈ విషయంలో ఒకటే.

మాట పెడితే అమరికలు తగ్గుతాయి

నిజానికి మాట పెట్టుకోవడం వల్ల ఒక మెట్టు దిగినట్టే అవుతుంది. 10,000 అమరికల్లో ఎక్కువ భాగం పలకడానికి కూడా రాని అక్షరాల గుంపులు. మాట పెట్టుకున్నారని ఎదుటివాడికి తెలిస్తే వాటన్నిటినీ వదిలేసి, అర్థమున్నవాటినే తిప్పి చూస్తాడు. పైగా ప్రేమ, ఇల్లు, పిల్లలు, దేవుడు అన్న అర్థమొచ్చే మాటలే మనుషుల మనసులోకి ముందుగా వస్తాయి.

నంబర్లలో కూడా ఇదే జరుగుతుందని మరవకూడదు. బయటికి పొక్కిన సుమారు 34 లక్షల నాలుగంకెల పిన్‌లను 2012లో విశ్లేషిస్తే, దాదాపు 11 శాతం 1234 అనే తేలింది. 1111 పెట్టుకున్నవారు ఆరు శాతం. ఎక్కువగా వాడిన మొదటి ఇరవై నంబర్లతోనే నాలుగో వంతుకు పైగా పిన్‌లు తెరుచుకుంటాయి. మూడంకెల లాక్‌కు వస్తే మన దగ్గర తేలిగ్గా ఊహించగలిగేవి ఇంకా కొన్ని ఉన్నాయి: 108, 116, 786. నల్లగొండ, మహబూబ్‌నగర్ పిన్‌కోడ్‌ల మొదటి మూడంకెలైన 508, 509 కూడా అలాంటివే. మహబూబ్‌నగర్ పేరు రాసిన చీటీ బ్యాగుకే వేలాడుతుంటే 509 ఎంత రహస్యమో చెప్పనక్కర్లేదు. నాలుగు చక్రాల మీద తేదీ, నెల పెట్టుకుంటే 10,000 కాస్తా 366కు కుదించుకుపోతుంది.

అంటే బలహీనత అంకెల్లో లేదు, అక్షరాల్లో లేదు. ఎంచుకునే పద్ధతిలో ఉంది. నంబర్ లాక్‌లో 4-7-0-9 లాంటి పొంతన లేని నంబరు పెట్టుకునే వీలుంది, కానీ అది గుర్తుండదు. మాటల లాక్‌లో గుర్తుండేది పెట్టుకోవచ్చు, కానీ ఊహకు అందుతుంది. చిక్కంతా ఈ రెంటి మధ్యే.

నంబరు ఎందుకు యాదికి రాదు

నాలుగంకెలు మనిషి జ్ఞాపకానికి బరువేమీ కాదు. ఒక్క ఊపులో మనసులో పట్టుకోగలిగేది ఏడు అంశాలకు రెండు అటూ ఇటూ అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లోనే రాశాడు. విడి అంశాలను ముడివేసి ఒకటిగా చేసుకుంటే ఇంకా ఎక్కువ పట్టుకోవచ్చని కూడా ఆయన చూపించాడు. ప-ల-క మూడు అక్షరాలు. కానీ ‘పలక’ అనగానే అది ఒకే వస్తువు. దానికి నలుపు రంగుంది, చెక్క చట్రముంది, బలపం గీత చప్పుడుంది. 4-7-0 అన్నదానికి ఇవేవీ లేవు.

సూట్‌కేసు లాక్‌కు ఇంకో ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఏటీఎం పిన్‌ను వారానికో నెలకో ఒకసారైనా వాడతారు. ఫోన్ లాక్‌ను రోజుకు వందసార్లు తీస్తారు. సూట్‌కేసు మాత్రం ఏడాదికో రెండేళ్లకో అటక మీది నుంచి దిగుతుంది. వాడని నంబరు మరుగున పడుతుంది, దాని మీద మిగతా నంబర్లన్నీ పేరుకుంటాయి. ఇంట్లో పెద్దవారికి నంబరు పెట్టి ఇచ్చేది సాధారణంగా పిల్లలు. తాము ఎంచుకోని నంబరు, తమకు అర్థం లేని నంబరు వారికి ఎందుకు గుర్తుండాలి? అమెరికాలో దిగిన మొదటి రాత్రి మందుల డబ్బా బ్యాగులో ఉండి, లాక్ తెరుచుకోక, ఇక్కడ నిద్రలో ఉన్నవారికి ఫోన్ చేయాల్సి రావడం ఆ వయసువారికి చిన్న బాధ కాదు. మాటల తాళం అన్న ఆలోచన వెనక ఉన్న అవసరం నిజమైనదే.

కొత్త సరుకు కాదు

2004లో అమెరికాలో ఆఫీసు సామాను అమ్మే స్టేపుల్స్ సంస్థ నడిపిన ఆవిష్కరణల పోటీలో టాడ్ బాష్ అనే ఆయన రూపొందించిన వర్డ్‌లాక్ గెలిచాక ఈ రకం తాళాలకు మళ్లీ పేరొచ్చింది. ‘మళ్లీ’ అనాల్సిందే. ఎందుకంటే చక్రాల తాళం చరిత్రలో అక్షరమే ముందు. ఇస్ఫహాన్‌కు చెందిన అల్ అస్తుర్‌లాబీ క్రీ.శ. 1200 ప్రాంతంలో చేసిన పెట్టె తాళం చక్రాల మీద అరబ్బీ అక్షరాలున్నాయి. 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో అలాంటి తాళాన్నే వర్ణించాడు. చైనాలో చక్రానికి నాలుగేసి అక్షరాలు చెక్కిన ఇత్తడి తాళాలు ఉండేవి, అక్షరాలు కుదిరితే ఒక పద్యపాదమో శుభవాక్యమో వచ్చేది. ఐరోపాలోనూ ఇలాంటివాటికి అక్షరాల తాళాలనే పేరు. అంకెలు తర్వాత ఎక్కువయ్యాయి. ఏ దేశంలో అమ్మినా చదవగలిగేవి అంకెలే కావడం అందుకు బాగా కలిసొచ్చింది.

తెలుగు మాట ఇంగ్లిష్ చక్రాల మీద ఎందుకు కుదరదు

చక్రానికి పది అక్షరాలే పడతాయి కాబట్టి, ఇంగ్లిష్‌లో ఎక్కువ మాటలు కుదిరేలా ఆ పదింటిని ఏరతారు. ఇంగ్లిష్ మాటలు చాలావరకు ఈ, ఎస్, డి, టి, ఎన్, ఆర్, వై అక్షరాలతో ముగుస్తాయి. చివరి చక్రం మీదికి అవి ముందు ఎక్కుతాయి. తెలుగు తీరు వేరు. తెలుగు మాట చివర అచ్చో సున్నో ఉంటుంది. అందుకే దీన్ని అజంత భాష అంటారు. అమ్మ, ఇల్లు, బర్రె, గొర్రె, బావి, పల్లీ ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే చివర ఏ, ఐ, యు, ఈ వస్తాయి. వీటిలో ‘ఈ’ తప్ప మిగతావి ఇంగ్లిష్ మాటల చివర అంతగా రావు కాబట్టి ఆఖరి చక్రం మీద వాటికి చోటు దొరకడం కష్టం. మొదటి మూడు అక్షరాలు కుదిరి నాలుగోది లేకపోతే మాట లేనట్టే.

ఇంకో చిక్కు, తెలుగును ఇంగ్లిష్‌లో రాసే తీరు ఒక్కటి కాదు. ‘బావి’ని ఒకరు బి-ఏ-వి-ఐ అని రాస్తే, ఇంకొకరు రెండు ఏలు పెడతారు, మరొకరు వి బదులు డబ్ల్యూ రాస్తారు. రెండేళ్ల తర్వాత మాట గుర్తుంటుంది, స్పెల్లింగు గుర్తుండదు. నంబరు మరిచిపోవడం పోయి స్పెల్లింగు మరిచిపోవడం వచ్చిందన్నమాట.

అన్నిటికంటే ముఖ్యమైనది చదువు సంగతి. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, నల్లగొండ జిల్లాది సుమారు 64 శాతం. ఆ తర్వాత పరిస్థితి మారి ఉండొచ్చు గానీ, ఇవాళ అరవై దాటినవారిలో, వలస కూలీల్లో బడి మొహం చూడనివారు ఇంకా చాలామంది ఉన్నారు. వారికి అంకెలు వచ్చు. నోటు మీది అంకె, ఫోన్ నంబరు, కాంటా మీది బరువు అన్నీ చదువుతారు. అక్షరం రానివారు కూడా తిప్పగలిగిన తాళం నంబర్ లాక్. దాన్ని తీసేసి ఇంగ్లిష్ అక్షరాల లాక్ చేతిలో పెడితే, ఉన్న తోవ కూడా మూసినట్టవుతుంది.

మరి తెలుగు అక్షరాల తాళం చేస్తే?

ఇంగ్లిష్‌లో 26 గుర్తులతో అన్ని మాటలూ రాయొచ్చు. తెలుగులో హల్లుకు గుణింతం, దాని కింద ఒత్తు చేరి ఒక అక్షరమవుతుంది. ‘అమ్మ’ రెండక్షరాల మాటే. కానీ రెండో చక్రం మీద విడి ‘మ’ ఉంటే చాలదు, ‘మ్మ’ ఉండాలి. 36 హల్లులకు గుణింతాలు వేసుకుంటేనే నాలుగైదు వందలవుతాయి, ఒత్తులు కలిస్తే ఇక లెక్క పెరుగుతూ పోతుంది. అందులోంచి చక్రానికి పదే ఏరాలి.

అయినా తలకట్టు హల్లులతోనే ఒక మూడు చక్రాల తాళం కాగితం మీద గీసి చూడొచ్చు. మొదటి చక్రం: ప, క, గ, న, మ, వ, త, చ, స, ర. రెండోది: ల, డ, ర, న, వ, ద, గ, మ, క, చ. మూడోది: క, ప, త, వ, ద, స, న, ల, డ, ట. తిప్పుతుంటే పలక, కడవ, గడప, నడక, మడత, వరద, తడక, మరక, పనస, చవక, కలత వస్తాయి. అందమైన మాటలే. కానీ అమరికలు వెయ్యి, వాటిలో అర్థమున్న మాటలు చూస్తుండగానే అయిపోతాయి. ఇల్లు, చెట్టు, నీళ్లు, బిడ్డ, అవ్వ లాంటి నాలుక మీద ఆడే మాట ఒక్కటీ వీటి మీద రాదు. తెలుగు లిపి సౌందర్యానికి కారణమైన గుణింతాలూ ఒత్తులే ఇక్కడ అడ్డం పడతాయి. తెలుగు అక్షరాల తాళం బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది, ప్రయాణానికి బాగుండదు.

మాటలో నంబరును దాచడం: కటపయాది

తాళం మీద మాట ఉండాల్సిన పనిలేదు. మాట మనసులో ఉండి, తాళం మీద అంకెలుంటే చాలు. ఈ రెంటినీ కలిపే పద్ధతి మన దేశంలో వెయ్యేళ్లకు పైగా వాడుకలో ఉంది. దాని పేరు కటపయాది సంఖ్య. క్రీ.శ. 683 ప్రాంతంలో కేరళకు చెందిన హరిదత్తుడు గ్రహగణితంలో దీన్ని వాడాడు. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లలో ఇది ఇప్పటికీ బతికి ఉంది. ధీరశంకరాభరణంలో మొదటి రెండక్షరాలు ధ, ర. వాటి విలువలు 9, 2. తిరగేస్తే 29. అది 29వ మేళకర్త. మేచకల్యాణిలో మ, చ అంటే 5, 6, తిరగేస్తే 65.

విలువలు వర్ణమాల వరుసలోనే ఉంటాయి. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ వరకు 1 నుంచి 9, న సున్నా. ప, ఫ, బ, భ, మ అంటే 1, 2, 3, 4, 5. య, ర, ల, వ, శ, ష, స, హ అంటే 1 నుంచి 8, ళ 9. గుణింతాన్ని, అక్షరం పక్కనున్న నిండు సున్నాను (ం) పట్టించుకోరు. ఒత్తు ఉంటే కింది హల్లునే లెక్కిస్తారు. మాట మొదట విడి అచ్చు వస్తే అది 0. శాస్త్రంలో కుడి నుంచి ఎడమకు తిరగేసి చదువుతారు. తాళానికి ఆ నియమం అక్కర్లేదు, రాసిన వరుసలోనే తిప్పుకోవచ్చు.

ఇప్పుడు ‘పాలమూరు’ను చూడండి. ప 1, ల 3, మ 5, ర 2. అంటే 1352, నాలుగు చక్రాలకు సరిగ్గా సరిపోయింది. నల్లగొండలో న 0, ల్ల 3, గ 3, డ 3: 0333. వనపర్తిలో ర్తిలోని త లెక్కకొస్తుంది కాబట్టి 4016. మూడు చక్రాల లాక్‌కు నల్లగొండ తోటల బత్తాయి బాగా కుదురుతుంది: బ 3, త్త 6, య 1, అంటే 361. జొన్నరొట్టె 8021. కందిచేను 1860. సజ్జబువ్వ 7834.

ఈ నంబర్లను ఒక్కసారి పరికించి చూస్తే ఆ పద్ధతి బలం తెలుస్తుంది. 8021, 7834 ఏ పుట్టినరోజూ కావు, ఏ వరుసా కావు. ఎదుటివాడికి పొంతన లేని అంకెలు, పెట్టుకున్నవారికి పళ్లెంలోని రొట్టె. మాటల లాక్‌కు ఉన్న బలహీనత ఇక్కడ చాలావరకు తగ్గుతుంది. జొన్నరొట్టె అన్న మాట ఎవరి చెవినైనా పడినా, విలువల వరుస తెలియనిదే అది నంబరు కాదు. పైగా మాట గుర్తుండి అంకెలు మరిచిపోయినా పర్వాలేదు. వర్ణమాల వచ్చినవారెవరైనా కాగితం తీసుకుని రెండు నిమిషాల్లో మళ్లీ లెక్కగట్టుకోగలరు. ఫోన్ బటన్ల మీది ఇంగ్లిష్ అక్షరాలతో కూడా ఇలాంటి పనే చేయొచ్చు. అమ్మ అని ఏ-ఎమ్-ఎమ్-ఏ నొక్కితే 2662 వస్తుంది. అయితే స్పెల్లింగు చిక్కు అక్కడ మళ్లీ ఎదురవుతుంది. కటపయాదిలో తెలుగు మాటను తెలుగులో రాసినట్టే లెక్కిస్తారు కాబట్టి ఆ గొడవ లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. బ్యాగు చీటీ మీద కనిపించే ఊరి పేరు, ఇంటి పేరు వాడకూడదు. ఇక్కడ అచ్చయిన మాటలనూ వదిలేసి, ఇంట్లోవారికి మాత్రమే అర్థముండే మాటను ఎంచుకోవాలి: పొలంలో ఒక చెలక పేరు, ఎప్పుడో ఉన్న ఎద్దు పేరు, చిన్నప్పటి ముద్దుపేరు.

అక్షరం రానివారికి

కటపయాదికి వర్ణమాల రావాలి. అది రానివారికి అంతకంటే పాత పద్ధతి ఒకటుంది. పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని కొన్నిసార్లు అంకెల్లో కాకుండా వస్తువుల పేర్లతో చెప్పేవారు. చంద్రుడంటే 1, కళ్లంటే 2, వేదాలంటే 4, బాణాలంటే 5, రుతువులంటే 6, గ్రహాలంటే 9, ఆకాశమంటే 0. వీటిని భూతసంఖ్యలంటారు.

దీనికి శాస్త్రం చదవాల్సిన పనిలేదు. పొడుపు కథలు విప్పే ఏ అవ్వకైనా ఇది చేతనవుతుంది. ‘పాండవులు ఆవును తోలుకుని ఏడుకొండలెక్కిండ్రు’ అంటే పాండవులు 5, ఆవు కాళ్లు 4, కొండలు 7. లాక్ నంబరు 547. కథ వరుస మారదు కాబట్టి అంకెల వరుస మారదు. పిల్లలు నంబరు ఎంచి పెట్టి ఇచ్చే బదులు, ఆ నంబరుకు కథను పెద్దవారితోనే కట్టించాలి. తాము కట్టిన కథ తమకు గుర్తుంటుంది. డబ్బు ఖర్చు లేకుండా, ఇవాళే చేయగలిగిన పని ఇది.

విమానానికి, రైలుకు తేడా

అమెరికా వెళ్లే చెక్-ఇన్ బ్యాగు విషయంలో లాక్ మీద ఉన్నది అంకెలా అక్షరాలా అన్నదానికంటే, దాని పక్కన ఎర్ర వజ్రపు గుర్తు, చిన్న తాళంచెవి రంధ్రం ఉన్నాయా అన్నది ముఖ్యం. 2003 నుంచి అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ సిబ్బంది దగ్గర ఇలాంటి లాక్‌లను తెరిచే ఉమ్మడి తాళంచెవులు ఉంటున్నాయి. తనిఖీ చేయాల్సి వస్తే వాటితో తీసి మళ్లీ వేస్తారు. ఆ గుర్తు లేని తాళాన్ని కత్తిరించే అధికారం వారికుంది. 2014లో ఆ తాళంచెవుల ఫొటో ఒక అమెరికా పత్రికలో అచ్చయింది. 2015లో వాటి నమూనాలు త్రీడీ ప్రింటర్‌పై చేసుకునేలా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అంటే ఎంత తెలివైన మాట పెట్టుకున్నా, పక్కనే ఇంకో తలుపు ఉన్నట్టే. బంగారం, సర్టిఫికెట్లు, మందులు చేతి సంచిలో ఉండాలనడం అందుకే.

జిప్పు బ్యాగుకు లాక్ ఎంత గట్టిదైనా జిప్పు పళ్లు మెత్తనివి. మొనదేలిన పెన్నుతో జిప్పును విడదీసి, లాక్ ఉన్న లాగుడు ముక్కలనే అటూ ఇటూ జరిపి మళ్లీ కలిపేయొచ్చు. ఈ లాక్ ఆపేది దారిలో చేయి పెట్టి చూద్దామనుకునేవారిని, జిప్పు దానంతట అదే తెరుచుకోవడాన్ని.

రైలు ప్రయాణంలో లెక్క వేరు. అక్కడ భయం బ్యాగు తెరవడం కంటే బ్యాగునే ఎత్తుకుపోవడం. బెర్తు కింద ఉన్న రింగుకు గొలుసుతో కట్టడానికి ఏ తాళమైనా పనికొస్తుంది. రాత్రి చీకట్లో తడిమి తీయడానికి నంబర్ లాక్ కంటే తాళంచెవి లాక్ సులువు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టాలంటే తాళం వేసి ఉండాలి, అది ఏ రకమైనా సరే.

మరిచిపోయాక ఏం చేయాలి

కొత్త లాక్‌లు సాధారణంగా 000 మీద వస్తాయి. నంబరు మార్చడానికి లాక్ తెరిచి ఉండగా ఒక చిన్న మీటనో బొత్తామునో నొక్కి, చక్రాలు తిప్పి, దాన్ని మళ్లీ వదలాలి. ‘నంబరు దానంతట అదే మారింది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది. లాక్ తెరిచి ఉన్నప్పుడు బట్టలు కుక్కుతుండగా మీట జరిగి, చక్రాలు కదిలితే, అప్పుడు పైన ఏ అంకెలుంటే అవే కొత్త నంబరు అవుతాయి. అందుకే నంబరు పని చేయనప్పుడు ముందుగా చూడాల్సింది దాని చుట్టుపక్కల అంకెలను. 361 పెట్టిన లాక్ 351 కో 362 కో తెరుచుకోవచ్చు.

అప్పటికీ రాకపోతే బ్యాగు కోయాల్సిన పనిలేదు. మూడు చక్రాల లాక్‌లో 000 నుంచి 999 వరకు వెయ్యి అమరికలే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకుంటే మొత్తం 33 నిమిషాలు. సగటున అందులో సగంలోనే దొరుకుతుంది. మొదటి రెండు చక్రాలను కదపకుండా చివరిదాన్ని 0 నుంచి 9 వరకు తిప్పడం, ప్రతి అంకె దగ్గర లాక్‌ను తెరిచే మీటను మెల్లగా లాగి చూడడం, ఆ తర్వాత మధ్య చక్రాన్ని ఒక అంకె జరపడం. నాలుగు చక్రాలైతే ఇదే పని అయిదున్నర గంటలు పడుతుంది. అప్పుడు ఇద్దరు కూర్చుని, ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు ఎక్కడిదాకా వచ్చిందో వందకోసారి కాగితం మీద గీత గీయాలి. లేదంటే మధ్యలో ఆపి లేచినవారు మళ్లీ 0000 నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.